ఐలీ కోస్కెలా ఎక్కించిన చిరునామా

ఐలీ కోస్కెలాకు అరవై ఒక్క ఏళ్లు. అందులో చివరి పంతొమ్మిదీ ఫోన్ల దుకాణంలో బల్ల వెనకే గడిచాయి. ఆ దుకాణానికీ, నేను పనిచేసే కౌంటీ నీటి పరీక్షల గదికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. ఇవతల నేను బావుల నీళ్లలో రాగి, ఆర్సెనిక్ ఎంతెంత ఉన్నాయో కొలుస్తుంటాను. అవతల ఆవిడ మాట్లాడేది, వినే ఉద్దేశం లేకపోయినా, వినిపిస్తుంది. నేను విననివీ చూడనివీ ఆవిడే తర్వాత చెప్పింది. తనకు కచ్చితంగా తెలిసినదేదో, అనుకున్నదేదో విడదీసి చెప్పగల మనిషి కాబట్టి ఆవిడ మాటను ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మా గుట్టల్లో టవరు సంకేతం ఊరి పొలిమేర దాటితే లోయల్లోకి దిగదు. అందుకని బయటి ఇళ్లలో ఫోన్లు ఇంటి ఇంటర్నెట్ మీదనే పనిచేస్తాయి. అలా చేసిన కాల్ ఎక్కడినుంచి వచ్చిందో అంబులెన్సు వాళ్లకు దానంతట అది తెలియదు. ఫోన్ ఇచ్చేటప్పుడే ఎవరో ఒకరు ఒక చిరునామాను చేత్తో ఎక్కించాలి. దానికి కాగితాల్లో పొడుగాటి పేరు ఉంది. ఐలీ మాత్రం ఆపద చిరునామా అంటుంది.

పన్నెండేళ్ల కిందట వైనో లాహ్తి అనే పెద్దాయనకు ఫోన్ ఇచ్చినప్పుడు ఆవిడ ఆ గడిలో బిల్లు వెళ్లే చిరునామానే ఉంచేసింది. అది ఆయన అప్పటికే అమ్మేసిన ఇల్లు. నవంబరులో ఒక మధ్యాహ్నం ఆయనకు గుండె పట్టేసింది. ఆపద నంబరు నొక్కగలిగాడు గాని మాట రాలేదు. వాలంటీరు అంబులెన్సు దళం వెళ్లి, పదకొండు మైళ్ల అవతల, పాత ఇంటి తలుపు తట్టింది. అసలు ఇంటికి చేరేసరికి ఇరవై మూడు నిమిషాలు ఆలస్యమైంది. ఎవరూ ఐలీని ఏమీ అనలేదు. అంత్యక్రియల తర్వాత చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతుండగా ఆయన కూతురు ఆవిడ చేయి పట్టుకుని, "నీకేం తెలుసు ఐలీ, పాపం" అంది. ఆ మాట ఆవిడకు తిట్టుకన్నా లోతుగా దిగింది. అప్పటినుంచి ఆపద చిరునామా రూఢి కానిదే ఆ బల్ల మీదినుంచి ఒక్క ఫోనూ కదల్లేదు. పొలాల దారుల్లో ప్రతి ఇంటి ముందూ అగ్నిమాపక దళం కోసం ఒక ఆకుపచ్చ రేకు పాతి ఉంటుంది. దాని మీది నంబరు చెప్పాలి. చెప్పలేని వాళ్లను ఇంటికి పోయి చూసి రమ్మని పంపేది. కసురుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, కాని వెళ్లి చూసి వచ్చేవాళ్లు.

ఫిబ్రవరి ఏడు, శనివారం. శనివారాల్లో దుకాణం పది నుంచి రెండు దాకా. పదీ నలభైకి ముప్పయ్యేళ్ల యువతి ఒకామె, ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె పేరు కెండ్రా, పిల్ల పేరు టెస్సా. అప్పటికి లోపల ఉన్నది ఐలీ కాక మరొక్కడు: కౌంటీ మంచు తోసే బండి నడిపే టౌనో మకీ. డ్యూటీ దిగాక శనివారం పూట ఐలీ కాఫీ తాగి, ఆవిడ చేసిన ఏలకుల రొట్టె రెండు ముక్కలు తిని గాని అతను ఇంటికి వెళ్లడు.

"చిన్నపిల్లల ప్లాన్ ఒకటి కావాలండి," అంది కెండ్రా. "కాల్స్ మాత్రమే. ఇంటర్నెట్ వద్దు."

"ఎన్నో క్లాసు, బంగారం?" అని ఐలీ బల్ల మీదికి వంగింది.

"రెండు," అంది పిల్ల. "పళ్లు కూడా రెండు ఊడాయి."

"టౌనోకి అయితే రెండే మిగిలాయి. ఏదీ, చూపించవోయ్ టౌనో."

"నా పళ్ల లెక్క నీకెందుకే, ఐలీ? ముందు ఆ పిల్లకి ఫోన్ ఇవ్వు," అని టౌనో కెండ్రా వైపు తిరిగాడు. "ఏమ్మా, వంతెన కింది వాళ్లా మీరు?"

వంతెనకు దక్షిణాన, రాష్ట్రం దిగువ భాగంలో ఉండేవాళ్లను మావాళ్లు అలాగే వేళాకోళం చేస్తారు.

"అవునండీ. ఎలా తెలిసింది?" ఆమె నవ్వలేదు.

"ఆ టోపీ చూసి. ఈ చలికి అలాంటిది పెట్టుకుంటే సాయంత్రానికి చెవులు రాలి జేబులో పడతాయి."

పిల్ల పడీపడీ నవ్వింది. తల్లి టోపీని కిందికి లాక్కుంది. ఆమె తలుపుకు వీపు పెట్టకుండా, బల్లకు పక్కగా నిలబడి ఉండటం ఐలీ గమనించింది. చలిగాలి తగులుతోందేమో అనుకుంది.

అక్టోబరు నుంచి ఇక్కడే ఉంటున్నారని, కెండ్రా వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తోందని, పని నాలుగున్నరకు ముగుస్తుందని, బడి బస్సు పిల్లను మూడూ ఇరవై అయిదుకే దింపుతుందని, ఆ గంటా అయిదు నిమిషాలు పక్కింటావిడ చూస్తుందని తెలిసింది. ఆ గంటలో పిల్ల గొంతు వినిపించేలా ఒక ఫోన్ ఉంటే చాలు. చిక్కల్లా ఒక్కటే. పిల్లల ప్లాన్ విడిగా ఇవ్వరు. పెద్దవాళ్ల నెలవారీ ఖాతా కింద చేర్చాలి. కెండ్రా దగ్గర ఉన్నది ముందుగా డబ్బు కట్టి వాడుకునే ఫోన్. దాని కింద చేర్చే వీలు లేదు.

"మా అమ్మ ఖాతా ఉంది, కింద మా ఊళ్లో, సాగినాలో," అంది కాసేపాగి. "అందులో నా పేరు కూడా ఉంది. దాని కింద చేర్చొచ్చా?"

"భేషుగ్గా. అమ్మ పేరు?"

"గ్లెండా."

ఖాతా తెరుచుకుంది. కెండ్రా గుర్తింపు కార్డు సరిపోలింది. ఐలీ పిల్లకు ఎర్ర రంగు తొడుగున్న చిన్న ఫోన్ తీసిచ్చి, తన పద్ధతి ప్రకారం, తీయడం, పెట్టేయడం, ఆపద నంబరు నొక్కడం మూడేసి సార్లు చేయించింది.

"ఇందులో ఆటలుండవా?" అంది టెస్సా.

"ఉండవు తల్లీ."

"మరి దేనికిది?"

"అమ్మతో మాట్లాడటానికి."

"అమ్మ ఎప్పుడూ నా పక్కనే ఉంటుందిగా. స్నానానికి వెళ్లినా తలుపు తీసే ఉంచుతుంది."

కెండ్రా పిల్ల భుజం మీద చేయి వేసింది. 

ఎవరెవరి కాల్స్ రావచ్చో ఆ జాబితాలో మూడు నంబర్లు పెట్టారు: తల్లిది, బడిది, పక్కింటి వెర్నాది. మిగతా ప్రపంచమంతా ఆ ఫోన్‌కు మూసినట్టే. తర్వాత ఐలీ ఆపద చిరునామా గడికి వచ్చింది.

"ఇంటి దారి పేరు, ఆకుపచ్చ రేకు మీది నంబరు."

"బడి అడ్రస్ రాయండి," అంది కెండ్రా.

"బడిలో టవరు అందుతుందమ్మా. ఇది ఇంట్లో వాడుకకి. పిల్లకి ఏదన్నా అయితే అంబులెన్సు ఎక్కడికి పోవాలి?"

"అయితే పోస్టు పెట్టె నంబరు రాయండి."

"పోస్టు పెట్టెలో పడుకుంటారా మీరు?" అంది ఐలీ, నవ్వుతూనే. తర్వాత నవ్వు మాని వైనో లాహ్తి సంగతి చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి కెండ్రా పిల్ల కోటు బొత్తాలు పెడుతోంది. అప్పుడు టౌనో కప్పు దించి, సాయం చేస్తున్నాననుకుని, అన్నాడు:

"మీ కారు నీలం రంగుది కదమ్మా, ముందు బంపరు సొట్టపడి? మిస్కో వాగు దారిలో వెర్నా సాలో అద్దెకిచ్చే కట్టె ఇల్లు. రోజూ తెల్లారి నేనేగా అటు మంచు తోసేది. నాలుగు నాలుగు ఒకటి ఏడు."

ఐలీ 4417 అని ఎక్కించింది. కెండ్రా ఆ అంకెలను తెర మీద చూసింది. "ఇది ఎవరికి కనపడుతుంది?" అని అడిగింది.

"అంబులెన్సు వాళ్లకి. ఖాతాలో ఉంటుంది. మీ అమ్మకి రూఢి చేస్తూ ఒక మెయిల్ వెళ్తుంది, ఫర్వాలేదుగా?"

"అమ్మకి మెసేజి తెరవడమే రాదు," అంది కెండ్రా, మొదటిసారి కాస్త తేలికపడి. "ఫోన్ మోగితేనే దిండు కింద పెడుతుంది."

ముగ్గురూ నవ్వారు. ఐలీ మీట నొక్కింది. అప్పుడు టైము పదకొండూ యాభై రెండు.

ఒకటీ ఇరవైకి, దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు, ఆవిడ ఆనాటి కాగితాలు సర్దడానికి కూర్చుంది. గ్లెండా ఖాతాకు పత్రం ముద్రించబోతూ, అలవాటు కొద్దీ, ఖాతా చరిత్ర చూసింది. ఆరేళ్ల కిందట తెరిచారు, దుకాణంలో కాదు, కంప్యూటరులో. కాగితపు బిల్లు వద్దని, మెయిల్ చాలని పెట్టుకున్నారు. ఆరేళ్లలో ప్రతి బిల్లునూ వచ్చిన రోజే ఎవరో తెరిచి చూశారు. అన్నిటికన్నా కింద ఆనాటి వరుస: చిరునామా రూఢి మెయిల్ పంపినది, 11:52. తెరిచి చూసినది, 11:58.

మెసేజి తెరవడం రాని మనిషి ఆరు నిమిషాల్లో తెరిచింది.

గోడ ఇవతల నాకు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆవిడ గొంతు బాగా తగ్గించింది, మాటలు తెలియలేదు. ఆ సేపట్లో ఆవిడ చేసినవి ఇవి. సాగినాలో గ్లెండా నంబరుకు ఫోన్ చేసింది. నాలుగోసారికి ఎత్తిన ముసలావిడను, మీ మెయిల్ ఎవరు చూస్తారమ్మా అని అడిగింది.

"అవన్నీ మా అల్లుడే చూస్తాడండీ. గ్యారెట్. బంగారంలాంటి వాడు. పాపం, పిల్ల కనపడక నాలుగు నెలల నుంచి తిండి లేదు వాడికి. ఎందుకు, బిల్లు ఏమైనా ఎక్కువొచ్చిందా?"

"లేదమ్మా," అని ఐలీ పెట్టేసింది.

చిరునామా మార్చేయాలని గడి తెరిచింది. మీట మీద వేలు పెట్టాక ఆగిపోయింది. మారిస్తే, మారినట్టు అదే మెయిల్‌కు ఇంకొక సందేశం వెళ్తుంది. అంటే మొదటిది నిజమని చాటింపు వేసినట్టే. పిల్ల ఫోన్‌కు చేసింది. మీ కాల్‌కు అనుమతి లేదని వచ్చింది. ఆ అనుమతి ఇవ్వని జాబితాను రెండు గంటల కిందట కట్టింది తానే; అందులో తన నంబరు చేర్చినా అదే మెయిల్‌కు కబురు పోతుంది. కెండ్రా నంబరుకు చేసింది. ముందుగా డబ్బు కట్టే ఆ ఫోన్ ఇంటి ఇంటర్నెట్ మీద పనిచేయదు, ఆ లోయలో దానికి సంకేతం అందదు. వెర్నా ఫోన్ ఎవరూ ఎత్తలేదు. షెరీఫ్ ఆఫీసుకు చేస్తే, బల్ల దగ్గరి మనిషి ఓపికగా విని, "అతనేం చేశాడండీ ఇంతకీ?" అన్నాడు.

"ఒక మెయిల్ చదివాడు."

"అది నేరం కాదు కదమ్మా."

సాగినా నుంచి మా ఊరికి చలికాలంలో కనీసం తొమ్మిది గంటలు. పదకొండూ యాభై ఎనిమిదికే బయల్దేరినా రాత్రి తొమ్మిది లోపల చేరడు. ఐలీ ఈ లెక్కను ఒక చీటీ మీద వేసుకుని, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, దుకాణం మూసింది. పంతొమ్మిదేళ్లలో వేళకు ముందే మూయడం అదే మొదటిసారి.

మిస్కో వాగు దారి పంతొమ్మిది మైళ్లు. ఎదురుగాలికి మంచు అడ్డంగా కొడుతుండగా నలభై రెండు నిమిషాలు పట్టింది. 4417 ముందు నీలం కారు మూతి రోడ్డు వైపు పెట్టి నిలిపి ఉంది. దాని మీద ఒక్క రేకు మంచు లేదు. అద్దాలు, లైట్లు, నాలుగు చక్రాల చుట్టూ నేల, అన్నీ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. ఆ ఇంట్లో వాళ్లు ప్రతి రోజూ, ఏ క్షణంలోనైనా, వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉంటున్నారని ఆవిడకు అప్పుడు అర్థమైంది.

కెండ్రా తలుపు ఓరగా తీసింది.

"మీ అమ్మ మెయిల్ గ్యారెట్ చూస్తాడు," అంది ఐలీ, గడపలోనే నిలబడి. "పదకొండూ యాభై ఎనిమిదికి చూశాడు."

కెండ్రా ఏడవలేదు, అరవలేదు. లోపలికి తిరిగి, మామూలు గొంతుతో, "టెస్సా, బూట్లు," అంది. పిల్ల కింద పరిచిన బొమ్మల పెన్సిళ్లను అక్కడే వదిలేసి లేచింది. ఎందుకని అడగలేదు. బూట్లు, కోటు, చేతి తొడుగులు, ఆ వరుసలో వేసుకుని తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

"అమ్మా, ఫోన్‌లో ఇంకో పేరు వచ్చింది," అందప్పుడు. "పొద్దున మూడే ఉన్నాయి. ఇప్పుడు నాలుగు."

ఐలీ అందుకుని చూసింది. బయటివాళ్ల కాల్స్ రానివ్వని ఆ జాబితాలోకి ఖాతా రహస్యపదం తెలిసిన మనిషి ఎప్పుడైనా, ఎక్కడినుంచైనా కొత్త పేరు చేర్చగలడు. నాలుగో వరుసలో "నాన్న" అని ఉంది.

"కాల్ వచ్చిందా?" అంది కెండ్రా.

"వచ్చింది. ఎత్తాను. ఐలీ అత్త నేర్పినట్టే."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నేను హలో, హలో అన్నాను. ఊపిరి వినపడింది. తర్వాత పెట్టేశారు. నాన్నేనా అది?"

కెండ్రా తలుపు వెనక కొక్కెం వైపు తిరిగింది. సంచీ తీసింది. అది అప్పటికే సర్ది ఉంది. పిల్ల మందులు, కాగితాల కవరు, రెండు దుప్పట్లు పైన పడేసింది. ఐలీ ఫోన్ ఆపేయబోతే చేయి పట్టుకుని ఆపింది.

"ఆపొద్దు. ఆపితే కదిలామని తెలిసిపోతుంది. చార్జింగ్‌లో పెట్టి ఇక్కడే వదిలేయండి. వాడు రోడ్డు మీద ఉన్నంతసేపూ మేం ఇక్కడే ఉన్నామనుకోవాలి."

ఐలీ ఫోన్‌ను వంటగది బల్ల మీద పెట్టి తీగ తగిలించింది. ఒక చీటీ మీద తన పేరు, ఇంటి నంబరు రాసి, "ఎక్కడికైనా చేరాక ఒక్కసారి చెయ్యి. ఎక్కడికన్నది మాత్రం నాకు చెప్పకు. తెలియకపోతేనే మంచిది," అంది.

అప్పుడు కెండ్రా ఆవిడ ముఖంలోకి మొదటిసారి సూటిగా చూసింది.

"బడి అడ్రస్ ఇచ్చాను కదండీ. పోస్టు పెట్టె కూడా ఇచ్చాను. ఎందుకు వదిలేయలేకపోయారు?"

ఐలీ వంగి పిల్ల సైకిలు ఎత్తుకుని కారు వైపు నడిచింది. 

కారు చిన్నది. కుట్టు మిషను, పిల్ల సైకిలు, అమ్మమ్మ కుట్టిన బొంతల పెట్టె ఒకటి, ఇవి పట్టలేదు. కెండ్రా వాటిని వెర్నా గడప లోపల దించి, "మంచు పోయాక వచ్చి తీసుకెళ్తానండీ. రోడ్లు తేలిన వెంటనే," అని చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ల వెర్నా, ఇంత హడావుడిగా ఎక్కడికమ్మా అంటుండగానే కారు కదిలింది. ఐలీ వచ్చినప్పటినుంచి అప్పటికి పద్నాలుగు నిమిషాలు. పిల్ల వెనక అద్దంలోంచి చేయి ఊపింది. కారు ఏ వైపు తిరుగుతుందో చూడకుండా ఉండటానికి ఐలీ తన బండి అద్దాల మీది మంచు గీకడం మొదలుపెట్టింది.

చీటీ వంటగది బల్ల మీద ఫోన్ పక్కనే ఉండిపోయిందన్న సంగతి ఆవిడకు సోమవారం తెలిసింది.

సోమవారం పదీ పావుకు ఒక మనిషి దుకాణంలోకి వచ్చాడు. బూట్ల మంచు పట్టా మీద బాగా దులుపుకున్న చప్పుడు విన్నాను. ఇక్కడివాళ్లకన్నా ఎక్కువసేపు దులిపాడు.

"ఐలీ గారంటే మీరేనా, మేడమ్?" మెత్తని గొంతు.

"నేనే."

"ఈ చేతిరాత మీదే అయి ఉంటుంది. ఇల్లు తాళం వేసి లేదు. బల్ల మీద ఇదీ, మా అమ్మాయి ఫోనూ ఉన్నాయి. మరిచిపోయి వెళ్లినట్టుంది. చిన్నపిల్ల కదా."

ఐలీ చీటీని తన వైపు తిప్పుకుని చూసింది.

"ఎక్కడికి వెళ్లారో మీకేమైనా తెలుసా?"

"తెలియదు. అడగలేదు."

"అడగకపోవడం కూడా ఆలోచించి చేసే పనే కదండీ," అన్నాడతను. గొంతులో ఎక్కడా కోపం లేదు. "సరే. ఈ తెర మీద గీత పడింది, పలచటి అద్దం పొర వేసిస్తారా?"

ఆవిడ వేసింది. అంచు వంకర పోకుండా, ఒక్క బుడగ లేకుండా వేయగలిగానని, అందుకు తన మీద తనకే అసహ్యం వేసిందని చెప్పింది. "లైను తీసేయమంటారా?" అని అడిగింది.

"ఎందుకండీ? ఉండనివ్వండి. అడ్రస్ కూడా మార్చక్కర్లేదు."

అతనన్న దాని అర్థం గురువారం టౌనో వల్ల తెలిసింది.

"వెర్నా వాకిలి నేను పోయేసరికే తోసేసి ఉందే, ఐలీ. అంచులు కూడా చెక్కినట్టు. పక్కన ఆ అద్దె ఇల్లు కొత్తాయన తీసుకున్నాడట, మే నెల దాకా. వెర్నాకి కట్టెలు కొట్టిస్తున్నాడు, మందులు తెచ్చిస్తున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు."

"ఆ రోజు నువ్వు నోరు మూసుకుని రొట్టె తిని ఉంటే బాగుండేది, టౌనో."

"నేనేమన్నానే?"

ఆవిడ విప్పి చెప్పింది. టౌనో కాఫీ సగంలో వదిలి వెళ్లాడు. తర్వాతి శనివారాలు రాలేదు.

ఐలీ వెర్నా దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. ఆ సామాను నాకిచ్చెయ్యి, నా గ్యారేజీలో ఉంచుతాను అంది.

"అవి ఆయన తన ఇంట్లోకి చేర్పించుకున్నాడమ్మా. భార్య సామానే కదా. వాకిట్లో అడ్డంగా ఉన్నాయి, నేను భద్రంగా చూస్తానన్నాడు. సైకిలుకి నూనె కూడా రాశాడు."

"ఆమె మళ్లీ వస్తానందని ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. ఎంత సంతోషించాడో! మంచు పోగానే వస్తుందట అంటే, ఎదురుచూస్తానండీ అన్నాడు."

షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక డెప్యూటీ వెళ్లి అతనితో మాట్లాడి వచ్చాడు. అద్దె పత్రం ఉంది. భార్యకు దూరంగా ఉండమని వంతెన కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వుకు నవంబరులో గడువు తీరింది. తన ఇంట్లో తాను కూర్చున్న మనిషిని లేవమనడానికి చట్టం లేదు. బడివాళ్లు పిల్ల కాగితాలు ఎక్కడికి పంపారో చెప్పరు, చెప్పకూడదు. ఇటు నుంచి ఒక కబురు చేరవేయగలరా అంటే, అలాంటిదేమీ తమ దగ్గర లేదన్నారు. ఆడవాళ్ల ఆశ్రయ గృహంలో ఐలీ ఒక ఉత్తరం ఇచ్చింది. తీసుకున్నారు. అది ఎవరికైనా చేరుతుందో లేదో చెప్పడం వాళ్ల నియమం కాదు. ఉన్న దారి ఒక్కటే, కెండ్రా పాత నంబరు. రోజూ పదింటికి దుకాణం తీసే ముందు ఐలీ దానికి చేస్తుంది. ఫోన్ ఆపి ఉందని ఒక ఆడగొంతు చెబుతుంది. అది నాకు గోడ ఇవతలికి వినపడదు. ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టే చప్పుడు వినపడుతుంది.

అతను వారానికోసారి ఊళ్లోకి వస్తాడు. దుకాణం కిటికీ ముందునుంచి పోతూ చేయెత్తి పలకరిస్తాడు. ఆ పిల్ల లైను ఇప్పటికీ నడుస్తోంది.

నేల మీది మంచు లోతు కొలవడం కూడా నా పనే. మా భవనం వెనక అంగుళాల గీతలున్న ఒక కొయ్య ఉంది. ఉదయం తొమ్మిదిన్నరకు చూసి పుస్తకంలో రాస్తాను. ఫిబ్రవరి చివర నలభై ఒకటి. మార్చి పదిహేనుకు ముప్పై ఆరు. అప్పటినుంచి ఐలీ రోజూ వచ్చి నా గుమ్మంలో నిలబడి అంకె అడుగుతోంది. మార్చి ముప్పైకి ఇరవై ఏడు. ఏప్రిల్ తొమ్మిదికి పంతొమ్మిది. మిస్కో వాగు దారి లోయలో ఉంది కాబట్టి అక్కడ నాలుగైదు అంగుళాలు ఎక్కువే ఉండొచ్చని నేను చెప్పాను. అది ఊరట కోసం చెప్పింది కాదు, నిజంగానే అలా ఉంటుంది. టౌనో ఆ దారిలో వారం నుంచి బండి నడపడం లేదని, నడిపే పని లేకుండా పోయిందని ఆవిడే నాకు చెప్పింది.

ఇవాళ ఏప్రిల్ పద్నాలుగు. తొమ్మిదీ ముప్పై అయిదుకు వచ్చింది. కోటు బొత్తాలు పెట్టుకోలేదు. బయట అంత చలి లేదు.

"ఎంత?"

"పదకొండు."

పుస్తకంలో నేను రాసిన అంకెను తను కూడా వంగి చూసింది.

"ఇంకా పడే సూచన ఏమైనా ఉందా?" అని అడిగింది. అరవై ఒక్క చలికాలాలు ఇక్కడే గడిపిన మనిషి. ఏప్రిల్‌లో ఆ ప్రశ్నను ఆ గొంతుతో అడిగిన వాళ్లను నేనెప్పుడూ చూడలేదు.

"లేదు, ఐలీ. గురువారం నుంచి వాన."